కాటి దగ్గర దొరకని మొలతాడు

ఈమధ్య ప్రొద్దుటూరులో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు, ఎస్సై పరీక్షకు చదువుతున్న పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైన ఇన్‌స్పెక్టర్‌కు అంతకన్నా పనేముంటుంది? మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాను. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. క్రమశిక్షణ గురించి, కష్టపడటం గురించి నాకే ఆవులింత వచ్చేలా మాట్లాడాను. చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, లాకప్ డెత్ అంటే కొట్టి చంపడమే గదా? మనం చెయ్యి చేసుకోకపోతే మన తప్పేం ఉండదు గదా?"

సెంటర్ నడిపే ఆయన గతుక్కుమని, టైమైపోయిందంటూ మైకు తీసేసుకున్నాడు. టిఫిన్ పెట్టి పంపారు. ఆ అమ్మాయికి ఆరోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందే ఒక మాట. నేను చెప్పబోయే కేసులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. పోస్టుమార్టంలో ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మా డిపార్ట్‌మెంటు మొదటినుంచీ చివరిదాకా పట్టుకుని వేలాడింది ఆ ఒక్క మాటనే.

చనిపోయినతను కొండాపురం పక్కన ముంపు కాలనీ మనిషి. గండికోట రిజర్వాయరు కింద ఊరు మునిగిపోతే, ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుని కూలికి పోతుండేవాడు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత ఊరి గోడలు బయటపడతాయి. జనం వెళ్లి మిగిలిన దూలాలు, బండలు పీకి తెచ్చుకుంటారు. ఇతను కూడా ఒక ద్వారబంధం తెచ్చుకుని కొత్తింటికి పెట్టుకున్నాడు. అది మాది, దొంగతనంగా ఎత్తుకుపోయాడని దాయాది ఒకడు ఫిర్యాదు ఇచ్చాడు. పాత ఊర్లో రెండిళ్లకూ నడిమిగోడ ఒకటేనట. ఆ వాకిలి ఎవరిదో ఇక ఆ నీళ్లే చెప్పాలి.

శ్రావణమాసం, శనివారం. పొద్దున్నే ఒక కానిస్టేబులు బండి మీద కాలనీకి వెళ్లి, "ఎస్సై సార్ పిలుస్తాండాడు, మాట్లాడి పంపిస్తాడు" అని ఇతన్ని ఎక్కించుకొచ్చాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు. ఉబ్బసం ఎగబోసి, ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలో ఆటోలోనే పోయాడు.

స్టేషన్ నుంచి పైకి వెళ్లిన రిపోర్టు చిన్నది. సదరు వ్యక్తి విచారణ కోసం తనంతట తానే స్టేషన్‌కు వచ్చాడు. వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా ఆయాసం వచ్చింది. మందు వెంట తెచ్చుకోలేదు. వెంటనే ఆస్పత్రికి తరలించాము. చదవడానికి ఎంతో సాఫీగా ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలిసిన సంగతి ఒకటుంది. మా రిపోర్టు ఎంత సాఫీగా ఉంటే లోపల అంత ఎగుడుదిగుడు ఉంటుంది.

ఇలాంటి చావు జరిగితే మేజిస్ట్రేటుగారి విచారణ ఒకపక్క జరుగుతుంది. మా వాళ్లలో తప్పెవరిదో తేల్చడానికి డిపార్ట్‌మెంటు వేరే ఒక అధికారిని వేస్తుంది. దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు. నేనప్పుడు పులివెందులలో ఉన్నాను. ఆ స్టేషన్‌తో నాకు సంబంధం లేదు, రిటైర్మెంటు దగ్గరపడింది, ఎవరికీ పెద్దగా చుట్టాన్నీ కాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న పని ఇలాంటివాడికే అప్పగిస్తారు.

మొదట ఎస్సైని పిలిపించాను. అనంతపురం వైపు పిల్లవాడు. ఘటన జరిగిన సాయంత్రమే అతన్ని స్టేషన్ నుంచి తప్పించి కడపలో ఊరికే కూర్చోబెట్టారు. అంతకుముందు అతని గురించి మంచిగానే విన్నాను. తన స్టేషన్‌లో ఎవరైనా చెయ్యెత్తితే ఊరుకునేవాడు కాదట. లాఠీలన్నీ బీరువాలో పెట్టించాడని మిగతా ఎస్సైలు వెనక నవ్వుకునేవాళ్లు.

నా ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, "ఒక్క దెబ్బ వేయలేదు సార్, వేయాలనుకోనూ లేదు. నేను ఆరోజు గండి బందోబస్తులో ఉన్నా. శ్రావణ శనివారం ఆంజనేయస్వామి గుడికి జనం ఎట్ల వస్తారో మీకు తెలుసు గదా. దీంట్లో నా ఉద్దేశం ఏముంది సార్?" అన్నాడు.

"ఫోనొచ్చిందా స్టేషన్ నుంచి?"

"వచ్చింది సార్. వెంటనే ఆస్పత్రికి తీసుకపొమ్మన్నా."

నాకా పిల్లవాడు నచ్చాడు. దాచుకోవడం దేనికి? కొట్టే ఎస్సైలను, కొట్టి మీసం దువ్వుకునే ఎస్సైలను సర్వీసంతా చూసినవాణ్ని. ఇతన్ని చూస్తే జాలేసింది. అదే వారం పై ఆఫీసరొకాయన ఫోన్ చేశాడు. "ఏమప్పా, ఇంకా లాగుతాండావు? కొట్టింది లేదు, చంపాలనే ఉద్దేశం లేదు. ఉబ్బసం మనిషి ఉబ్బసంతో పోయినాడు. రాసి పంపిచ్చెయ్, నువ్వూ చల్లగా రిటైర్ కా" అన్నాడు. నాకు కూడా అలాగే తోచింది. మనసులో సగం రాసేసుకున్నాను కూడా.

అప్పుడు అతని భార్య వచ్చింది.

బస్సులు మారి మారి పులివెందులకు వచ్చినట్టుంది, ముఖం వాడిపోయి ఉంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. ముప్పై దాటి ఉండవు. శాపనార్థాలు పెడుతుందని, ఎస్సైని ఉరితీయమంటుందని అనుకున్నాను. అవేవీ అడగలేదు.

"ఆ కాగితంలో నా మీద రాసిన మాట తీసేయండి సార్" అంది.

"నీ పేరు దాంట్లో యాడా లేదమ్మా."

"మందు తెచ్చుకోలేదని రాసినారంట గదా. అది నన్ననేదే సార్. పెండ్లయినప్పట్నుంచి ఆయన చొక్కా జేబులో ఆ పీల్చుకునే నీలం గొట్టం పెట్టేది నేనే. ఆ పొద్దు గూడా పోలీసాయన బండి ఆపకుండా తొందర పెడ్తాంటే, ఎనకాల ఉరికిపోయి జేబులో పెట్టినా. మా అత్త నమ్మదు. మందు లేకుండా నా కొడుకును సాగదోలితివే అంటాది. నా చేతి నీళ్లు తాగదు. ఆ వయసులో వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటాంది. కాలనీలో అందరూ ఆమె పక్కనే. నేను ఆ ఇంట్లో ఎట్ల బతకల్ల సార్?"

ఇలాంటప్పుడు మేం అడిగే ప్రశ్న ఒకటుంటుంది, అదే అడిగాను. "పోలీసు వాకిట్లోకొస్తే ఎవరికైనా గాబరా అమ్మా. పెట్టినాననుకుని మరిచిపోయి ఉండొచ్చు గదా?"

ఆమె కోప్పడలేదు. "సార్, ఆయన మొల్తాడు ఏమైంది?" అంది.

నాకు అర్థం కాలేదు.

"కాటికాడ మొల్తాడు తెంపాల గదా సార్. మా చిన్నమామ తెంపేకి వంగి చూస్తే నడుముకు దారం లేదు. అందరూ ఒకరి మొగం ఒకరు చూసినారు. తెంపాల్సింది ముందే ఎవరో తెంపినారే అని మా అత్త గుండెలు బాదుకున్యాది. బల్ల మీద ఊరికే కూచున్యోని మొల్తాడు ఎవరు తీసినారు సార్? మొల్తాడు తీసినోళ్లు జేబులో మందు వదిలిపెడ్తారా?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది క్రైస్తవ కుటుంబం. మా తాత జమ్మలమడుగులో మిషన్ బడి అయ్యవారు. మా ఇంట్లో మగపిల్లలకు మొలతాడు కట్టరు. స్టేషన్‌లో ఎంతమంది చేత మొలతాడు విప్పించానో లెక్కలేదు, నాకది ఉత్త దారం. కొందరు కాళ్లు పట్టుకునేవాళ్లు, "సామీ, చొక్కా గూడా తీసుకోండి, అదొక్కటి ఉంచండి" అని. మొండికేస్తున్నారనుకునేవాణ్ని. బతికున్న మగవాడి నడుముకు అది లేకపోతే ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుందో ఆ అమ్మాయి ముఖం చూశాక తెలిసింది.

చదువుకునే పిల్లలకు ఈ మొలతాడు గొడవేమిటో తెలియదు కాబట్టి చెప్తాను. ఎప్పుడో మా ప్రాంతంలోనే ఒక స్టేషన్‌లో, పట్టుకొచ్చిన మనిషి తన మొలతాడుతోనే కిటికీ కమ్మీకి ఉరేసుకున్నాడు. స్టేషన్ మొత్తాన్ని సస్పెండ్ చేశారు. అప్పటినుంచి లోపలికొచ్చినవాడి మొలతాడు, బెల్టు, తువ్వాలు తీసేసుకోవడం అలవాటైంది. ఇంకెక్కడో ఒకడు మాత్రలన్నీ ఒకేసారి మింగాడట, మాత్రలు కూడా చేరాయి. ఆ పద్ధతి మనిషి ప్రాణం కాపాడటానికి పుట్టింది. పోనుపోను మా ఉద్యోగాలు కాపాడటానికి మిగిలింది. ఈ తేడా ఎప్పుడొచ్చిందో మాలో ఎవరం గమనించలేదు.

ఆమె లేచి వాకిలి దాకా వెళ్లి ఆగింది. "కావాలని చంపినారని నేననను సార్. ఆ సెంట్రీ అప్ప నీళ్లు గూడా ఇచ్చినాడంట. కానీ ఆడ బతికించాలని ఎవరనుకున్యారు సార్?" అని, జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోయింది.

సగం రాసుకున్న రిపోర్టు మనసులోంచి అలాగే కొట్టుకుపోయింది.

మర్నాడు ఆ స్టేషన్‌కు వెళ్లాను. ఆరోజు కాపలా ఉన్న సెంట్రీ కానిస్టేబులు జమ్మలమడుగు మనిషి. నాకన్నా కొంచెం చిన్న. స్టేషన్‌లో అందరూ మామా అని పిలుస్తారు. తన సర్వీసులో పై అధికారి మాట జవదాటి ఎరగనివాడు. అలాంటివాళ్లు మా డిపార్ట్‌మెంటులో చాలామంది. మేం వాళ్లను మంచివాళ్లంటాం.

మొదట రిపోర్టులో ఉన్నట్టే అప్పజెప్పాడు. బల్ల చూపించాడు. ఎక్కడ కూర్చున్నాడో, ఎక్కడ ఒరిగాడో చూపించాడు. అంతా విని, "సరే మామా, మొల్తాడు ఎవరు విప్పించినారు?" అన్నాను.

బల్ల మీద కూలబడ్డాడు. "నేనే సార్" అన్నాడు.

ఆ తరువాత అడగకుండానే అంతా చెప్పాడు. మనిషిని కూర్చోబెట్టింది వరండాలో కాదు, ఎస్సై గది పక్కనున్న చిన్న గదిలో. కేసు రాయలేదు, ఏ పుస్తకంలోనూ పేరు ఎక్కించలేదు. ఎస్సై గండికి బయల్దేరుతూ, సాయంత్రం వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తానన్నాడు. పద్ధతి ప్రకారం ఒంటి మీదవన్నీ తీయించాడు. అంతకుముందు ఎవరిదో ఉంగరం పోయిందని రచ్చయింది కాబట్టి, అవన్నీ తన టేబుల్ సొరుగులో పెట్టి, తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లాడు.

"మందు అడిగినాడా?"

"అడిగినాడు సార్. మొదట మామూలుగానే అడిగినాడు. సార్ సొరుగులో పెట్టి తాళమేసుకపోయినాడప్పా, ఫోన్ చేస్తాండా ఉండు అన్యా. చేస్తే మైకుల మోత. ఎవరో పెద్దోళ్లు దర్శనానికొస్తాండారంట. నాటకమేమో చూడు, నేను మళ్లీ చేస్తా అన్యాడు సార్. మళ్లీ చేయలేదు."

"ఆస్పత్రికి అప్పుడే తీసుకుపోవచ్చు గదా?"

"పోతే డాక్టరు రాసుకుంటాడు గద సార్, ఎప్పుడు పట్టుకొచ్చినారు, యా కేసులో అని. మా బుక్కులో మనిషే లేడు. సార్‌ను అడక్కుండా ఎట్ల కదిలిచ్చేది? మనిషి ఒరిగిపోయినాక గానీ ఆటో పిలవలేదు."

"తాళం పగలగొట్టి మందియ్యొచ్చు గదా మామా."

గుడి హుండీ పగలగొట్టమన్నట్టు చూశాడు నా వైపు. "ఎస్సై టేబుల్ సార్ అది!" అన్నాడు.

ఆ టేబుల్ ఎక్కడుందని అడిగాను. కొత్తగా వచ్చిన ఎస్సై, దానికి కీడు అంటుకుందనుకున్నాడో ఏమో, వాస్తు వంకతో కొత్త టేబుల్ తెప్పించుకుని పాతదాన్ని వెనక కొట్టంలోకి తోయించాడు. పట్టుకొచ్చిన మోటారు సైకిళ్ల మధ్య దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పాత ఎస్సై ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఆ స్టేషన్ మెట్లెక్కలేదు. ఎక్కలేదు గానీ ఫోన్ చేసి, "ఆ సొరుగు జోలికి ఎవరూ పోవద్దు" అని మాత్రం సెంట్రీకి చెప్పాడట. సెంట్రీ పోలేదు. ఇంకెవర్నీ పోనివ్వలేదు. ఒక ప్రాణాన్ని బలిగొన్న విధేయతే సాక్ష్యాన్ని కూడా భద్రంగా కాపాడింది. దీనికి నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

సాక్షులుగా ఊరి వీఆర్వోను, ఎదురుగా టీ కొట్టాయన్ను పిలిపించాను. తాళంచెవి కడపలో పాత ఎస్సై దగ్గరే ఉంది కాబట్టి, తాళాలు తీసే మనిషి కోసం కబురు పంపాను. అతను వచ్చేలోగా, సొరుగులు రెండుంటే, "వీటిల్లో ఏది మామా?" అన్నాను.

"ఇదే సార్. చూడండి, గట్టిగా పడింది తాళం" అంటూ సెంట్రీ పిడి పట్టుకుని, పడిందని నాకు చూపించడానికి కొంచెం లాగాడు.

సొరుగు అతని చేతిలోకి వచ్చేసింది.

కిర్రుమంటూ పూర్తిగా వచ్చింది. లోపల తాళం నాలుక ఎప్పుడో అరిగిపోయింది. తాళంచెవి తిప్పితే టక్కున చప్పుడవుతుంది, నాలుక మాత్రం పైకి లేవదు. మడిచిన తువ్వాలు, దాని మీద చుట్ట చుట్టిన నల్ల మొలతాడు, మొలతాడుకు దర్గా తాయెత్తు, పక్కన నీలం గొట్టం. నేను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

సెంట్రీ పిడి వదల్లేదు. సొరుగులోకే చూస్తూ, "ఇది తెరిచే ఉండెనా సార్?" అని అడిగాడు. "ఒక్క తూరి లాగి చూసింటే... సార్, ఒక్క తూరి..." అంటూ ఆ దుమ్ములోనే కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. టీ కొట్టాయన నీళ్లు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

ఆయాసపడుతున్న మనిషికీ ఆ సొరుగుకూ మధ్య ఉన్నది ఒక గోడ, తెరిచిన వాకిలి. అంతే. ఆ ఉదయమంతా సెంట్రీ అటూ ఇటూ తిరుగుతూ, ఫోన్ చూసుకుంటూ, ఆ టేబుల్ పక్కనుంచే నడిచాడు.

ఎస్సైని మళ్లీ పిలిపించి సంగతి చెప్పాను. అతను జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, అందులో ఒకదాన్ని పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇంకా దగ్గరే పెట్టుకున్నాడు పాపం. "తాళం పడలేదా సార్?" అన్నాడు. ఆపైన నిజం చెప్పాడు. నాటకమేమో చూడమన్నది నిజమే. అంతకు కొన్నాళ్ల ముందే ఒకడు గుండె నొప్పని నాటకమాడి పారిపోబోయాడట, అదీ నిజమే. "మళ్లీ ఫోన్ చేద్దామనుకున్నా సార్. జనంలో పడి మరిచిపోయినా" అన్నాడు. అతని మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది. కొట్టే ఎస్సై మీద వచ్చే కోపం కాదు. ఏదో అలసటతో కలిసిన కోపం. అది ఇప్పటికీ పోలేదు.

ఉన్నదున్నట్టు రాశాను. మనిషిని తీసుకొచ్చారు, ఒంటి మీదవి తీయించారు, మందు అతని జేబులో ఉంది, భార్య పెట్టి పంపింది, అతను అడిగాడు, వీళ్లు ఇవ్వలేదు. చివర ఉద్దేశం గురించి రాయాల్సిన చోట, చంపాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు, బతికించాలన్న ఉద్దేశం కూడా ఎవరికీ కనబడలేదు అని రాశాను. పై ఆఫీసరు ఆ వాక్యం మీద గీత కొట్టి, "ఇది రిపోర్టా, ఉపన్యాసమా అప్పా?" అన్నాడు. వాక్యంలో మొదటి సగం మాత్రం ఉంచుకున్నారు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మా దగ్గర పిడికిళ్లన్నీ ఒక్క సైజువి కావు. సెంట్రీ ఉద్యోగం పోయింది. ఎస్సైకి ఇంక్రిమెంట్లు ఆపారు, తరువాత ప్రమోషన్ కూడా వచ్చింది. ఇప్పుడు అతని స్టేషన్‌లో ఎవరి మందు వాళ్ల దగ్గరే ఉంచుతారని విన్నాను. మంచిదే. చేతులు కాలాక పట్టుకున్నా ఆకులు ఆకులే, వెనకాల వచ్చేవాళ్లకు పనికొస్తాయి. కోర్టులో కేసు వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

అమ్మాయీ, చెయ్యి చేసుకోకపోతే మన తప్పుండదు గదా అని అడిగావు. నీ చెయ్యి ఎవరి మీదా పడకపోవచ్చు. కానీ నువ్వు ఒకణ్ని తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టావంటే, వాడి చేతులు నువ్వు తీసేసుకున్నట్టే. వాడు సొరుగు లాగలేడు, వాకిలి దాటలేడు. ఇక వాడి తరఫున లాగాల్సింది నువ్వే. లాగకపోతే తప్పు నీదే. నీ ఉద్దేశం ఎంత చల్లనిదైనా సరే.

రిపోర్టు పంపకముందు నేనొక పని చేశాను. అది రూల్సులో లేదు.

జీపేసుకుని ఆ కాలనీకి వెళ్లాను. ఎండ మండిపోతోంది. ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. సిమెంటు గోడలకు అంత పెద్ద పాతకాలపు ద్వారబంధం ఆ వీధిలో ఒక్క ఇంటికే ఉంది. పసుపు రాసి బొట్లు పెట్టారు. ముసలామె గడప పక్కన కూర్చుని ఉంది. వసారాలో ఒక మూల మూడు రాళ్ల పొయ్యి, దాని మీద చిన్న సట్టి. కోడలు లోపలినుంచి నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎవరప్పా నువ్వు?"

"పోలీసోన్ని అవ్వా."

ముఖం పక్కకు తిప్పేసుకుంది. నేను గడప కిందే కూర్చున్నాను, మోకాళ్లు సహకరించకపోయినా.

"నీ కోడలు మందు జేబులో పెట్టే పంపిచ్చింది అవ్వా. నా కండ్లతో చూసినా. నీ కొడుకు అడిగినాడు, మా వాళ్లే ఇయ్యలేదు."

నా వైపు చూడకుండానే, "ఏంటికియ్యలేదు?" అంది.

"సొరుగులో పెట్టి తాళమేసినామనుకున్యారు."

"తాళం పగలగొట్టే మొగోడే లేడా ఆడ?"

అక్కడితో ఆపేయవచ్చు. ఆపితే ఆమెకు కాస్త తేలికగా ఉండేదేమో కూడా. కానీ ఆ ఇంటికి అబద్ధాలు మా స్టేషన్ నుంచి చాలానే వచ్చాయి.

"తాళం పడలేదు అవ్వా. లాగితే వచ్చేది."

"లాగలేదా ఎవురూ?"

"లాగలేదు."

ఆమె ద్వారబంధాన్ని పట్టుకుని, ఆ చెక్క మీద చెయ్యి రాస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడుపంతా ఎప్పుడో అయిపోయినట్టుంది. మూలనున్న తన పొయ్యి వైపు ఒకసారి చూసి, లోపలికి తిరిగి, "అమ్మీ, సంగటైందా?" అంది.

"అయింది అత్తా."

"నాకింత పెట్టు."

లోపల ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది. కోడలు తట్టలో సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టి తెచ్చి అత్త ముందుంచింది. మళ్లీ లోపలికి పోయి, నన్ను అడక్కుండానే నాకూ ఒక తట్ట తెచ్చింది. "తినండి సార్, ఎండన పడి వచ్చినారు" అంది. తిన్నాను.

ముసలామె తన ముద్ద తిని, తల ఎత్తకుండానే కోడలి వైపు దోసిలి పట్టింది. కోడలు చెంబుతో నీళ్లు పోసింది. ఆమె తాగింది.